ఒకేలా ఉన్న రెండు స్లిప్పులూ ఒకటేనా? పాల బిల్లుల్లో డిస్టింక్ట్, గ్రూప్‌బై కేసు

నేపథ్యం

ఇది ఒక ప్రైవేట్ డెయిరీ కేసు. పేరు, జిల్లా చెప్పను, రైతుల కోడ్‌లు, కొన్ని అంకెలు మార్చాను, కోడ్‌లో జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నా. సీ షార్ప్‌లో డేటాని తీసే లింక్ (LINQ) క్వెరీల్లో, ఒకేలా ఉన్నవాటిలో ఒకటే ఉంచే డిస్టింక్ట్, ఒకే కోవవి గుంపులు చేసే గ్రూప్‌బై రోజూ వాడే వాళ్లందరికీ ఇది పనికొస్తుందని నా నమ్మకం, ఎందుకంటే ఇక్కడ సింటాక్స్ ఎవరికీ రాకపోవడం కాదు సమస్య, అందరికీ బానే వచ్చు.

పని ఎలా జరుగుతుందో ముందు చెప్తా. ఊళ్లలో పాల సెంటర్లుంటాయి. రైతు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పోస్తాడు. తూకం మెషీన్ ఎన్ని లీటర్లో చెప్తుంది, పక్కనున్న అనలైజర్ ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చెప్తుంది, ఆ రెండిటిని బట్టి రేటు చార్ట్ ప్రకారం డబ్బులు లెక్కకొస్తాయి, చేతికి ఒక చిన్న స్లిప్ వస్తుంది. అదే సమాచారం సిమ్ కార్డున్న ఒక డబ్బా ద్వారా సర్వర్‌కి వెళ్తుంది. పదిహేను రోజులకోసారి బిల్లు చేసి బ్యాంకులో వేస్తారు.

ఊళ్లలో నెట్‌వర్క్ సంగతి తెలిసిందే కదా. డబ్బా స్లిప్ పంపుతుంది, సర్వర్ సేవ్ చేసుకుని "అందింది" అని జవాబిస్తుంది, ఆ జవాబు దార్లో పోతే డబ్బాకి తెలీదు, అదే స్లిప్ మళ్లీ పంపుతుంది. అంటే టేబుల్‌లో ఒకే స్లిప్ రెండు మూడు వరుసలుగా ఉండటం ఇక్కడ మామూలే. డబ్బా చేసేది తప్పు కూడా కాదు, పోగొట్టుకోవడం కన్నా రెండుసార్లు పంపడం నయం. ఆ డూప్లికేట్‌లు తీసేయాల్సింది సర్వర్ వైపు.

సర్వర్‌లో సీ షార్ప్, ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 3.1 (కోడ్‌ని డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ), డేటాబేస్‌గా ఎస్క్యూఎల్ సర్వర్. నన్ను పిలిచేటప్పటికి ఆ కోడ్ మీద ముగ్గురు నలుగురి చేతులు పడ్డాయి.

సమస్య

రైతుల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక సెంటర్‌కి నేను వెళ్లినప్పుడు ఒకావిడ పెన్నుతో రాసుకున్న తన పాల పుస్తకం తెచ్చి చూపించింది. "చూడు బాబూ, పొద్దున నాలుగు పోశా, మాపటేల నాలుగు పోశా, మీ బిల్లులో ఒక్క నాలుగే పడింది" అంది. స్లిప్పులు రెండూ పుస్తకంలో గుండుసూదితో గుచ్చి పెట్టుకుంది. రెండిట్లోనూ గేదె పాలు 4.0 లీటర్లు, ఫ్యాట్ 6.8. పూట మాత్రం వేరు.

డెయిరీ ఆఫీసులో మాత్రం అంతకుముందు ఏడాది దీనికి పూర్తిగా రివర్స్‌లో ఉండేదట, కొందరు రైతులకి ఎక్కువ డబ్బులు వెళ్లిపోయేవి. దాన్ని సరిచేశాకే ఈ తక్కువ పడటం మొదలైంది. ప్రొక్యూర్‌మెంట్ మేనేజర్ గారు "సార్, అప్పుడు డబుల్ పడేది, ఇప్పుడు సగం పడుతోంది, మధ్యలో ఎక్కడా ఆగట్లేదు" అన్నారు. నాకు అందులోనే సగం జవాబు దొరికింది. ఎక్కువ పడిందీ తక్కువ పడిందీ ఒకే లైన్ వల్ల అయ్యుండాలి అనిపించింది.

ఇంకో ఆధారం కూడా దొరికింది. ఫిర్యాదులు ఏ సెంటర్ల నుంచి వస్తున్నాయో లిస్ట్ తీయమన్నాను. దాదాపు అన్నీ పాత తూకం మెషీన్లున్న సెంటర్లు, అక్కడ ఆపరేటర్ అర లీటరుకి రౌండ్ చేసి ఎక్కిస్తాడు. కొత్త మెషీన్ ఉన్నచోట 4.1, 3.9 అని వస్తాయి కాబట్టి రెండు పూటలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండటం అరుదు. రౌండ్ చేసే చోట 4.0, 4.0 రోజూ వస్తుంది. అంటే విలువలు కలిసిపోయినప్పుడే డబ్బులు పోతున్నాయి. కోడ్ తెరవకముందే డిస్టింక్ట్ మీద అనుమానం అలా వచ్చింది.

అంతకుముందు ఏం ప్రయత్నించారు

వెర్షన్ హిస్టరీ చదివితే కథ మొత్తం తెలిసింది. మొదటి డెవలపర్ టేబుల్ నుంచి స్లిప్పులన్నీ టులిస్ట్ చేసి మెమరీలోకి తెచ్చి, ఆ లిస్ట్ మీద డిస్టింక్ట్ పెట్టాడు. చదివితే కరెక్ట్‌గానే కనిపిస్తుంది. కానీ స్లిప్ అనేది మామూలు క్లాస్, దానికి రెండు ఆబ్జెక్ట్‌లు సమానమా అని తేల్చే ఈక్వల్స్, గెట్‌హ్యాష్‌కోడ్ రాయలేదు. అలాంటప్పుడు డిస్టింక్ట్ చూసేది రెండు వేరియబుల్స్ ఒకే ఆబ్జెక్ట్‌ని చూపిస్తున్నాయా అనే ఒక్క సంగతే, లోపలి విలువలు చూడదు. టేబుల్‌లో ఒక్కో వరుసకి ఒక్కో కొత్త ఆబ్జెక్ట్ తయారవుతుంది, కాబట్టి ఏ రెండూ ఒకటి కావు, ఒక్కటి కూడా తగ్గదు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, లిస్ట్ అలాగే బయటికొస్తుంది. డబుల్ డబ్బులు అందుకే పడ్డాయి.

అదే డిస్టింక్ట్ టులిస్ట్‌కి ముందు పెట్టుంటే అది ఎస్క్యూఎల్ వైపు వెళ్లి కాలమ్స్ విలువలు పోల్చేది, అంటే పదం ఒకటే, నిలబడ్డ చోటుని బట్టి అర్థం మారిపోతుంది. కానీ ఇక్కడ అదీ పనిచేసేది కాదు, ఎందుకంటే వరుసలో ఐడీ కాలమ్, సర్వర్‌కి అందిన టైమ్ కూడా ఉన్నాయి, అవి ప్రతి వరుసకీ వేరు, డిస్టింక్ట్ వరుస మొత్తాన్ని చూస్తుంది కాబట్టి మళ్లీ ఏదీ తగ్గదు.

రెండో డెవలపర్‌కి ఇది అర్థమైంది. క్లాస్‌ని వదిలేసి సెలెక్ట్‌లో అనానిమస్ టైప్ (పేరు లేకుండా అక్కడికక్కడే పుట్టే టైప్) తయారు చేశాడు, అందులో రైతు కోడ్, తేదీ, లీటర్లు, ఫ్యాట్ పెట్టి, తర్వాత డిస్టింక్ట్. అనానిమస్ టైప్‌కి కంపైలరే ఈక్వల్స్ రాసిస్తుంది, అన్ని ప్రాపర్టీలూ సమానమైతే రెండూ సమానం. డూప్లికేట్‌లు పోయాయి, టెస్ట్ డేటాలో అన్నీ సరిగ్గా వచ్చాయి, రిలీజ్ అయిపోయింది. కానీ ఆ నాలుగు ప్రాపర్టీల్లో పూట లేదు. బిల్లు ప్రింట్‌లో పూట చూపించాల్సిన పని లేదు కాబట్టి సెలెక్ట్‌లోకి రాలేదు, రిపోర్ట్‌కి ఏ కాలమ్స్ కావాలో అవే గుర్తింపు అయి కూర్చున్నాయి. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు కలిసి ఒక్క నాలుగు అయింది అక్కడే.

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. చూపించడానికి కావాల్సిన కాలమ్స్ వేరు, ఇది అదేనా కాదా అని తేల్చే కాలమ్స్ వేరు. సెలెక్ట్ తర్వాత డిస్టింక్ట్ రాసినప్పుడల్లా ఈ రెండూ తెలీకుండానే ఒకటైపోతాయి. రేపు ఎవరో రిపోర్ట్ నుంచి ఫ్యాట్ కాలమ్ తీసేయమంటారు, తీసేస్తారు, ఇంకొన్ని స్లిప్పులు మాయమవుతాయి.

మేం మొదట చేసినవి, అవెందుకు నిలబడలేదు

టీమ్‌లో ఒక కుర్రాడు క్లాస్‌ని రికార్డ్‌గా మార్చేద్దాం సార్ అన్నాడు. సీ షార్ప్ 9లో, అంటే 2020లో, వచ్చిన రికార్డ్‌కి విలువల పోలిక తనంతట తనే వస్తుంది. ఆలోచన మంచిదే కానీ రికార్డ్ అన్ని ప్రాపర్టీలనీ పోలుస్తుంది, అందులో సర్వర్‌కి అందిన టైమ్ ఉంది, మళ్లీ మళ్లీ వచ్చిన స్లిప్పులకి తేడా ఉండేదే ఆ టైమ్. పైగా లీటర్లు ఒక టేబుల్‌లో డబుల్ అనే అంకెల టైప్‌గా, ఇంకో టేబుల్‌లో డెసిమల్‌గా ఉన్నాయి. డెసిమల్‌లో 4.1, 4.10 సమానమే, కానీ డబుల్‌లో ఏదైనా కూడికో గుణకారమో జరిగాక చివరి అంకెల్లో తేడా వచ్చేస్తుంది, అప్పుడు డిస్టింక్ట్‌కి అవి రెండు వేర్వేరు అంకెలు. లీటర్లన్నిటినీ డెసిమల్ చేయించాను, రికార్డ్ ఆలోచన పక్కన పెట్టాం.

తర్వాత డాట్‌నెట్ 8కి మారాం. 3.1కి సపోర్ట్ 2022 డిసెంబర్‌లోనే అయిపోయింది కాబట్టి అది ఎలాగూ చేయాల్సిందే. మారాక డిస్టింక్ట్‌బై చేతికొచ్చింది, అది డాట్‌నెట్ 6 నుంచి ఉంది. అంతకుముందు అందరం గ్రూప్‌బై చేసి ప్రతి గ్రూప్ నుంచి ఫస్ట్ తీసుకునేవాళ్లం, చాలా ప్రాజెక్టుల్లో ఇప్పటికీ అదే ఉంటుంది. డిస్టింక్ట్‌బైలో మంచి ఏంటంటే కీ (ఏ కాలమ్స్ కలిస్తే ఒకటే అనుకోవాలో అవి) వేరుగా చెప్తాం, వరుస మొత్తం వెనక్కి వస్తుంది, అంటే చూపించే కాలమ్స్, గుర్తింపు కాలమ్స్ విడిపోతాయి. రైతు కోడ్, తేదీ, పూట కలిపి కీ ఇద్దామనుకున్నాం.

రిలీజ్ చేయకుండా పాత డేటా మీద నడిపించి, ఏ వరుసలు రాలిపోతున్నాయో ఆ రాలిన వరుసల్ని మాత్రమే ప్రింట్ తీసి సెంటర్ ఆపరేటర్లతో కూర్చున్నాను. ఇది గట్టిగా సిఫార్సు చేస్తా. మిగిలినవి చూస్తే ఏమీ తెలీదు, అన్నీ బాగానే కనిపిస్తాయి, పోయినవి చూడాలి.

చూస్తే, ఒకే రైతు ఒకే పూట గేదె పాలు, ఆవు పాలు విడివిడిగా పోస్తాడు, రెండిటికీ రేటు వేరు, రెండు స్లిప్పులు. కీలో పాల రకం కూడా చేర్చాం. అప్పుడు ఒక ఆపరేటర్ నవ్వి "సార్, పెద్ద రైతులు రెండు క్యాన్లు తెస్తారు, ఒక్కో క్యాన్‌కి ఒక్కో స్లిప్ కొడతాం" అన్నాడు. అవీ ఒకే రకం పాలు, ఒకే పూట, ఫ్యాట్ కూడా ఒకటే వచ్చే అవకాశం ఉంది. లీటర్లు కూడా చేరుద్దామా అంటే రెండూ 20 లీటర్ల క్యాన్లే.

ఇక్కడ ఆగిపోయాం. కాలమ్స్ ఎన్ని చేర్చినా ఈ ప్రశ్నకి జవాబు రాదు. పాల గురించి మనం కొలిచినవన్నీ సమానంగా ఉండి కూడా అవి రెండు వేర్వేరు పోతలు కావచ్చు. అది మళ్లీ పంపిన స్లిప్పా, నిజంగా రెండోసారి పోసిన పాలా అన్నది ఆ పోత జరిగిన చోట మాత్రమే తెలుస్తుంది, అంటే గుర్తింపు అక్కడే పుట్టాలి, సర్వర్‌లో మనం ఊహించి పుట్టించలేం.

ఏది పనిచేసింది

మెషీన్ ప్రతి పూటా ఒకటి నుంచి మొదలుపెట్టి స్లిప్ నంబర్ కొడుతుంది. అది చేతికిచ్చే కాగితం మీద ఉంది, డబ్బా పంపే డేటాలో కూడా ఉంది, సర్వర్‌లో ఒక కాలమ్‌లో సేవ్ అవుతోంది కూడా, ఎవరూ వాడలేదంతే. సెంటర్ కోడ్, మెషీన్ నంబర్, తేదీ, పూట, స్లిప్ నంబర్, ఈ ఐదూ కలిపి కీ. రైతు కోడ్ కావాలనే పెట్టలేదు, ఎందుకో చెప్తా.

ఐదూ కలిపిన కీ దొరికింది కదా అని డిస్టింక్ట్‌బై పెట్టేసి చేతులు దులుపుకోలేదు. డిస్టింక్ట్‌బై మొదట కనిపించిన వరుసని ఉంచి మిగతావి చప్పుడు లేకుండా పారేస్తుంది. పారేసినవి నిజంగా అచ్చు కాపీలేనా? కాకపోతే? ఆ ప్రశ్న అడిగే వీలు డిస్టింక్ట్‌బైలో లేదు, గ్రూప్‌బైలో ఉంది, ఎందుకంటే గ్రూప్ ఏదీ పారేయదు, కీ కింద అన్నిటినీ ఉంచుతుంది.

కాబట్టి ఇలా రాశాం. ముందు ఐదు కాలమ్స్ కీ మీద గ్రూప్‌బై. తర్వాత ప్రతి గ్రూప్ లోపల రైతు కోడ్, పాల రకం, లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ మాత్రం సెలెక్ట్ చేసి, దాని మీద డిస్టింక్ట్, దాని మీద కౌంట్. ఆ కౌంట్ ఒకటి వస్తే గ్రూప్‌లో ఎన్ని వరుసలున్నా అవన్నీ నెట్‌వర్క్ వల్ల మళ్లీ వచ్చిన కాపీలే, ఏదో ఒకటి తీసుకో, ఏది తీసుకున్నా తేడా లేదు. ఒకటి కన్నా ఎక్కువ వస్తే ఒకే స్లిప్ నంబర్ మీద రెండు కథలున్నాయి, ప్రోగ్రామ్ తేల్చకూడదు, బిల్లులోకి వెళ్లకుండా పక్కన పెట్టి మనిషికి చూపించాలి.

రైతు కోడ్‌ని కీలో కాకుండా లోపలి పోలికలో పెట్టింది ఇందుకే. ఒకే స్లిప్ నంబర్ మీద ఇద్దరు రైతులు కనిపిస్తే అది గొడవ అని తెలియాలి. కీలో పెట్టేసి ఉంటే అవి రెండు వేరు గ్రూపులై హాయిగా రెండిటికీ డబ్బులు వెళ్లిపోయేవి.

ఇలా పక్కన పడ్డవి చూస్తే రెండు రకాలు తేలాయి. ఒకటి, కరెంటు పోయి మెషీన్ మళ్లీ ఆన్ అయితే కొన్నిచోట్ల స్లిప్ నంబర్ ఆ పూట మధ్యలోనే మళ్లీ ఒకటికి వెళ్తోంది, అంటే నంబర్ ఒకటే, రైతు వేరు, రెండూ నిజమైన పోతలే. రెండోది, ఆపరేటర్ రైతు కోడ్ తప్పు కొట్టి, దిద్ది మళ్లీ పంపినవి. ఇక్కడ పాతది వద్దు, కొత్తది కావాలి.

దిద్దినవాటికి టీమ్‌లో అందరూ అన్నది ఒకటే, ఆఖరున వచ్చింది తీసుకుందాం, అందిన టైమ్ మీద మ్యాక్స్‌బై పెడదాం అని. నేను ఒప్పుకోలేదు. డబ్బా మళ్లీ మళ్లీ పంపుతుందని మనకి తెలుసు, అంటే దిద్దిన స్లిప్ ముందు అంది, దిద్దకముందుది ఆలస్యంగా రెండోసారి అందొచ్చు. అందిన టైమ్ నెట్‌వర్క్ సంగతి చెప్తుంది గానీ ఆపరేటర్ ఏది తర్వాత చేశాడో చెప్పదు. డబ్బా సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడి దిద్దినప్పుడల్లా పెరిగే ఒక సవరణ నంబర్, మెషీన్ ఆన్ అయినప్పుడల్లా మారే ఒక సెషన్ నంబర్ పెట్టించాం. సెషన్ నంబర్ కీలోకి వెళ్లింది, సవరణ నంబర్ మీద మ్యాక్స్‌బై. అప్‌డేట్ అందని డబ్బాల నుంచి వచ్చినవి మాత్రం మనిషి దగ్గరికే.

పాత పద్ధతిలో ఫస్ట్ వాడినచోట ఇదే ప్రమాదం ఇంకో రూపంలో ఉండేది. మెమరీలో గ్రూప్‌బై చేస్తే గ్రూప్ లోపల వరుసలు వచ్చిన క్రమంలోనే ఉంటాయి, అది నమ్మొచ్చు. కానీ ఆ వచ్చిన క్రమం ఎక్కడిది? డేటాబేస్‌ది. క్రమం చెప్పే ఆర్డర్ బై లేకపోతే ఎస్క్యూఎల్ సర్వర్ ఏ క్రమానికీ హామీ ఇవ్వదు, ఇండెక్స్ మారితే క్రమం మారొచ్చు, అప్పుడు ఫస్ట్ కూడా మారుతుంది.

క్వెరీ ఎక్కడ నడుస్తోంది

దీని మీద కొంచెం చెప్పాలి, చాలా మంది ఇక్కడే ఇరుక్కుంటారు. పాత కోడ్‌లో ఆ టులిస్ట్ ఎందుకొచ్చిందంటే, ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 2 వెర్షన్లలో ఎస్క్యూఎల్‌గా మార్చలేని గ్రూప్‌బైని అది చప్పుడు చేయకుండా మెమరీలో నడిపించేది. 2019లో వచ్చిన 3.0 నుంచి అలా చేయడం మానేసి ఎర్రర్ ఇస్తుంది, ఆ ఎర్రర్ మెసేజే యాజ్‌ఎన్యూమరబుల్ గానీ టులిస్ట్ గానీ పెట్టుకోవచ్చని చెప్తుంది. అందరూ అదే చేస్తారు, ఇక్కడా అదే చేశారు, తేదీలు వడగట్టే వేర్ కండిషన్ కన్నా ముందు పెట్టారు. పదిహేను రోజుల బిల్లుకి టేబుల్ మొత్తం, ఏళ్ల డేటా, మెమరీలోకి వచ్చేది. బిల్లు రోజున సర్వర్ ఎందుకు కదలట్లేదో అప్పుడు తెలిసింది.

మేం తేదీల వేర్ ముందు పెట్టి, కావాల్సిన కాలమ్స్ మాత్రం సెలెక్ట్ చేసి, అక్కడ టులిస్ట్ చేసి, గ్రూపింగ్ మెమరీలోనే ఉంచాం. గ్రూప్ తర్వాత మొదటి వరుస తీసుకోవడం లాంటివి ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 6 నుంచి ఎస్క్యూఎల్‌గా మారతాయి, కావాలంటే అటు పంపొచ్చు, డిస్టింక్ట్‌బై మాత్రం మేం వాడిన 8లో కూడా మారదు. అయినా పదిహేను రోజుల డేటా మెమరీకి బరువేమీ కాదు, గొడవపడ్డ గ్రూపులు చూడాలంటే వరుసలన్నీ చేతిలో ఉండాలి, కోడ్ కూడా చదివితే అర్థమయ్యేలా ఉంటుంది. వేగం కోసం అర్థం కాని క్వెరీ రాయడం డబ్బుల లెక్కలో నాకు ఇష్టం లేదు.

డేటాబేస్‌లోనే యూనిక్ ఇండెక్స్ పెట్టి రెండోసారి వచ్చిందాన్ని లోపలికే రానీయకపోతే పోలా అని మేనేజ్‌మెంట్ అడిగింది. ఎస్క్యూఎల్ సర్వర్‌లో డూప్లికేట్ వస్తే ఊరికే వదిలేసే ఆప్షన్ కూడా ఉంది. వద్దన్నాను. వచ్చినవి వచ్చినట్టు దాచుకునే టేబుల్‌కి ఏ అడ్డూ ఉండకూడదు, బిల్లుకి వెళ్లే టేబుల్‌కి యూనిక్ ఇండెక్స్ ఉండాలి. పాత డెవలపర్లు చదివేటప్పుడు డిస్టింక్ట్ పెట్టారు గానీ సేవ్ చేసేటప్పుడు ఏదీ తీసేయలేదు, అందుకే ఏడాది వెనక్కి వెళ్లి ఎవరికి ఎంత తక్కువ పడిందో మళ్లీ లెక్క కట్టగలిగాం. లోపలికి వచ్చేటప్పుడే పారేసి ఉంటే ఆ పాల పుస్తకం తెచ్చినావిడకి మనం చూపించడానికి ఏమీ ఉండేది కాదు.

రైతులెంతమంది అనే ప్రశ్న

బిల్లు సరిపోయాక ఇంకోటి బయటపడింది. సెంటర్ వారీగా ఎంతమంది రైతులు పోస్తున్నారని మూడు రిపోర్టులుండేవి, మూడిట్లో మూడు అంకెలు. ఒకటి పేరు మీద డిస్టింక్ట్, ఒకటి మొబైల్ మీద, ఒకటి బ్యాంకు అకౌంట్ మీద.

పేరు మీద చేస్తే తప్పే. ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండటం మన దగ్గర వింతేం కాదు, తండ్రి పేరు అడిగితే గానీ తేలదు. మిగతా రెండూ మాత్రం తప్పు కాదు, వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. భార్యాభర్తలు విడివిడిగా సభ్యులైనా మొబైల్ ఒకటే ఉంటుంది, మెసేజ్‌లు ఎన్ని వెళ్తాయో తెలియాలంటే మొబైల్ మీదే లెక్కపెట్టాలి. అకౌంట్ ఒకటే అయితే బ్యాంకు ఫైల్‌లో ఒకే లైన్ వెళ్లాలి, అది గ్రూప్‌బై చేసి మొత్తం కూడాల్సిన చోటు. ఇన్సూరెన్స్‌కి మాత్రం సభ్యుడి కోడ్. రిపోర్టుల పేర్లే మార్పించాం, "రైతుల సంఖ్య" అనేది తీసేసి సభ్యులు, మొబైళ్లు, అకౌంట్లు అని.

బ్యాంకు ఫైల్ చూస్తుంటే ఇంకో ఘోరం కనపడింది. పాల మొత్తాల్ని దాణా బాకీల టేబుల్‌తో జాయిన్ చేశారు, అంటే వరుసలు జత కలిపారు, రైతుకి మూడు బాకీలుంటే అతని పాల మొత్తం మూడు వరుసల్లో వస్తుంది, మొత్తం మూడింతలవుతుంది. దాన్ని ఆపడానికి ఎవరో మొత్తాల మీద డిస్టింక్ట్ పెట్టి తర్వాత సమ్ చేశారు. పంట పొలంలో నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూడకుండా గట్టు మీద మట్టి పోసినట్టుంది. ఒకే అకౌంట్ కింద భార్యకి, భర్తకి అనుకోకుండా ఒకే మొత్తం వస్తే ఒకరిది పోతుంది. జాయిన్‌కి ముందే బాకీల్ని రైతు వారీగా గ్రూప్ చేసి కూడి, తర్వాత జాయిన్ చేస్తే డిస్టింక్ట్ అవసరమే లేదు. అప్పటి నుంచి కోడ్ రివ్యూలో జాయిన్ తర్వాత డిస్టింక్ట్ కనిపిస్తే అది ఏ వరుసల కోసం పెట్టారో రాసిన వాళ్లని అడుగుతున్నా, చాలాసార్లు జాయిన్‌లోనే తప్పు దొరుకుతోంది.

కనపడని అక్షరం

ఆఖరిది తెలుగులో డేటా ఎక్కించే వాళ్లందరికీ ఉపయోగపడుతుంది. సెంటర్ల లిస్ట్ డ్రాప్‌డౌన్‌లో "బస్టాండ్ సెంటర్" అని రెండుసార్లు వస్తోంది. డిస్టింక్ట్ ఉంది, ట్రిమ్ కూడా ఉంది, అయినా రెండు. లెంగ్త్ ప్రింట్ చేస్తే ఒకదానికి 15, ఇంకోదానికి 17.

తెలుగు టైపింగ్‌లో పొల్లు హల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం పడుతుంది, కోడ్ పాయింట్ 200సీ. "రాజ్‌కుమార్" అని విడివిడిగా కనపడాలంటే అది కావాలి, లేకపోతే జ కింద క ఒత్తు పడిపోతుంది. కానీ కొన్ని కీబోర్డులు మాట చివర కూడా దాన్ని వేస్తాయి, "బస్టాండ్‌ సెంటర్‌" అని, అక్కడ కంటికి ఏ తేడా ఉండదు. ట్రిమ్ తీసేది ఖాళీలనే, ఇది ఖాళీ లెక్కలోకి రాదు. తమాషా ఏంటంటే ఆర్డర్‌బై స్ట్రింగ్‌లని భాష పద్ధతిలో పోలుస్తుంది, అక్కడ ఈ అక్షరానికి విలువ లేదు, అందుకే రెండూ పక్కపక్కనే వచ్చాయి. డిస్టింక్ట్, గ్రూప్‌బై మాత్రం ఒక్కో కోడ్ పోల్చి చూస్తాయి, వాటికి ఇవి రెండు పేర్లు. ఐత్వం కూడా రెండు రకాలుగా రావచ్చు, ఒకే గుర్తుగా గానీ రెండు ముక్కలుగా గానీ, అది నార్మలైజ్ చేస్తే, అంటే ఒకే రూపానికి తెస్తే, ఒకటవుతుంది, 200సీ మాత్రం నార్మలైజ్‌తో పోదు, మనమే తీసేయాలి.

పేరులోంచి తీసేస్తే రాజ్‌కుమార్ పాడైపోతాడు. కాబట్టి పేరు ఉన్నది ఉన్నట్టే ఉంచి, పోల్చడానికి వేరే కాలమ్ పెట్టాం, అందులో నార్మలైజ్ చేసి, కనపడని అక్షరాలు తీసేసి, ఖాళీలు సరిచేసి, ఇంగ్లిష్ అక్షరాలు చిన్నవి చేసి పెడతాం, గ్రూప్‌బై దాని మీద, చూపించేది అసలు పేరు. ఎస్క్యూఎల్ సర్వర్ మామూలు సెట్టింగ్‌లో పెద్ద చిన్న ఇంగ్లిష్ అక్షరాలకి తేడా చూడదు, చివరి ఖాళీలు కూడా పట్టించుకోదు, సీ షార్ప్ రెండూ చూస్తుంది, అందుకే ఒకే డిస్టింక్ట్ అక్కడ ఒక అంకె, ఇక్కడ ఒక అంకె ఇస్తుంది. ఈ కాలమ్ వచ్చాక ఆ తేడా పోయింది. నల్ (అసలు విలువే లేకపోవడం) ఉంటే ఇంకో తేడా ఉంది, ఎస్క్యూఎల్‌లో కౌంట్ డిస్టింక్ట్ నల్‌ని లెక్కపెట్టదు, మెమరీలో డిస్టింక్ట్ చేసి కౌంట్ అంటే నల్ కూడా ఒకటి. మొబైల్ లేని రైతులున్న సెంటర్లన్నిటిలో సరిగ్గా ఒకటి తేడా వచ్చింది అందుకే.

సరిపోయిందని ఎలా తేల్చాం

మా క్వెరీ సరైందో కాదో మా క్వెరీతోనే చెక్ చేస్తే ఏం లాభం. ప్రతి పూటా కూలర్‌లో డిప్‌స్టిక్‌తో కొలిచి రిజిస్టర్‌లో రాస్తారు, దానికి మన సాఫ్ట్‌వేర్‌తో సంబంధమే లేదు. సెంటర్, తేదీ, పూట మీద గ్రూప్ చేసి లీటర్లు కూడి ఆ రిజిస్టర్ పక్కన పెట్టాం. ఒలికిపోయేది, కొలతలో తేడా కొంత ఉంటుంది, అది రోజూ దాదాపు ఒకేలా ఉండాలి. పాత కోడ్‌తో రౌండ్ చేసే సెంటర్లలో ఆ తేడా ఎగుడుదిగుడుగా ఉండేది, కొత్త గ్రూపింగ్‌తో సాఫీగా వచ్చింది. ఈ పోలిక ఇప్పుడు బిల్లుకి ముందు రోజు రాత్రి తనంతట తనే నడుస్తుంది, తేడా హద్దు దాటిన సెంటర్ బిల్లు ఆగిపోతుంది, మేనేజర్ గారు చూసి వదిలితేనే వెళ్తుంది.

తక్కువ పడిన వాళ్లకి పాత బకాయిలు తర్వాతి బిల్లుల్లో విడిగా ఒక లైన్ పెట్టి ఇచ్చారు. స్లిప్ నంబరే పంపని కొన్ని పాత డబ్బాలున్నాయి, అక్కడి నుంచి వచ్చిన వరుసల్లో స్లిప్ నంబర్ నల్. ఎస్క్యూఎల్ సర్వర్ యూనిక్ ఇండెక్స్ నల్‌ని కూడా ఒక విలువలాగే చూసి రెండోదాన్ని అడ్డుకుంటుంది కాబట్టి, బిల్లు టేబుల్ మీద ఇండెక్స్‌ని నంబర్ ఉన్న వరుసలకే పరిమితం చేశాం. నల్ వచ్చినవాటిని గ్రూప్ చేయట్లేదు, డిస్టింక్ట్ చేయట్లేదు, ఆపరేటర్ దగ్గరున్న కార్బన్ కాపీతో పోల్చి ఒక్కొక్కటీ చేత్తో ఎక్కిస్తున్నారు. ఆ డబ్బాలు మార్చేదాకా అంతే.